బంచరాయి గడ్డిని కొలిచేందుకు ఏది మేలు: మోడిసా, సెంటినెల్‌-2నా?

వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పల్లెల్లో గొర్రెల మందలు మేసే గడ్డి చాలావరకు బంచరాయి (ఊరుమ్మడి మేత) భూముల్లోనూ, గుట్టల వాలుల్లోనూ, నీరు దిగిపోయిన చెరువు శిఖాల్లోనూ మొలుస్తుంది. దానికి నీరు పెట్టేవారు లేరు, ఎరువు వేసేవారు లేరు. అందువల్ల వానల తీరులోనూ ఎండల తీవ్రతలోనూ వచ్చే మార్పు పొలంలోని పైరు కంటే ఆ గడ్డిలోనే సూటిగా బయటపడుతుంది. ఆ మార్పును ఏళ్ల తరబడి లెక్కగట్టేందుకు ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాల్లో విరివిగా వాడుకలో ఉన్నవాటిలో రెండు: 1999 డిసెంబరులో అమెరికా ప్రయోగించిన టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం తీసేవి, 2015 నుంచి ఐరోపా నడుపుతున్న సెంటినెల్‌-2 తీసేవి.

రెండింటి కొలత వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తిప్పి పంపుతుంది. ఈ రెండు కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యే ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనపు కొలత.

మోడిస్‌కు ఉన్న బలం కాలం. అది దాదాపు రోజూ మన మీదుగా పోతుంది కాబట్టి, పదహారు రోజుల చిత్రాల్లో మబ్బు లేనిదాన్ని ఏరుకొనే వీలుంటుంది. సెంటినెల్‌-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకోసారి వస్తుంది; నెలకు దక్కే ఆరు అవకాశాలూ ముసురు పట్టిన జూలైలో మబ్బుపాలు కావచ్చు. తొలకరి తర్వాత గడ్డి ఎన్ని వారాలకు లేచిందన్న ప్రశ్నకు మోడిసే మెరుగైన జవాబు ఇస్తుంది.

అయితే మన నేల మీదికి వచ్చేసరికి అసలు చిక్కు ఎదురవుతుంది. మోడిస్ ఎన్‌డీవీఐ చిత్రంలో ఒక్కొక్క గడి 250 మీటర్ల చదరం, అంటే పదిహేను ఎకరాల పైచిలుకు. మన బంచరాయి చాలాచోట్ల అంత ఏకఖండంగా మిగల్లేదు. అదే గడిలో పత్తి, మామిడి తోట, కాకతీయ కాల్వ కింద వరి కలిసిపోతాయి. వానలు ముఖం చాటేసిన ఏడు కూడా బోరు నీటితో వరి పచ్చగా ఉంటే, గడ్డి ఎండిపోయినా గడి పచ్చగానే కనిపిస్తుంది. సాగునీరు పెరగడాన్ని వాతావరణం మెరుగుపడటంగా పొరబడే ప్రమాదం ఇక్కడే ఉంది, దీన్ని నేను చిన్న దోషంగా చూడలేను. సెంటినెల్‌-2 గడి పది మీటర్ల చదరం, వంద చదరపు మీటర్లు. మన గుంట, అంటే 121 చదరపు గజాలు, దాదాపు అంతే. గట్టు ఎక్కడ ఆగిందో, గడ్డి ఎక్కడ మొదలైందో గుంట లెక్కన తెలుస్తుంది.

ఎన్‌డీవీఐ ఒక్కటే చూస్తే రెండూ తప్పు చెప్పే సందర్భం ఒకటుంది. గొర్రె ముట్టని వయ్యారిభామ కూడా వాటికి పచ్చదనమే. వేళ్లు లోతుకు దింపుకొని నడివేసవిలోనూ పచ్చగా నిలిచే సర్కారు తుమ్మ కూడా అంతే. నేలమీద నడిచి చూసినవారి మాట తోడు లేకుండా ఆ సంఖ్యను మేతగా లెక్కించకూడదు.

నా మొగ్గు ఈ ప్రాంతం వరకు సెంటినెల్‌-2 వైపే, కానీ ఒక షరతుతో. శీతోష్ణస్థితి సగటుకు ముప్పై ఏళ్ల లెక్క ప్రమాణం. సెంటినెల్‌-2కు ఉన్నది దాదాపు పదేళ్ల చరిత్ర మాత్రమే. కాబట్టి ముందు దాని చిత్రాలతో, పూర్తిగా గడ్డే ఉన్న మోడిస్ గడులను ఏరి, 2000 నుంచి వాటి లెక్కను మాత్రమే తీసుకోవాలి. అలాంటి గడి ఒక్కటీ దొరకని మండలానికి మోడిస్‌ను వదిలేసి, 1980ల నుంచి 30 మీటర్ల గడులతో ఉన్న అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల్లో అక్టోబరు చివర, నవంబరులో మబ్బు తెరిపిచ్చిన వాటిని ఏటేటా పోల్చడం మంచిది. వానకాలం మధ్యలో గడ్డి ఎంత లేచిందో వాటిలో కనిపించకపోవచ్చు, కానీ వానలు వెనుదిరిగాక పచ్చదనం ఎంత మిగిలిందో కనిపిస్తుంది. మందను ఎప్పుడు వలస తోలుకుపోవాలో గొల్లకురుమలు తేల్చుకొనేది దాన్ని చూసే.