ఫీనాల్, ఎసిటిక్ యాసిడ్‌లలో ఏది బలమైన ఆమ్లం?

ప్రోటాన్ పోయాక ఫీనాల్ నుంచి మిగిలే ఫీనాక్సైడ్ అయాన్‌కి ఐదు రెజొనెన్స్ నిర్మాణాలు (రుణావేశం ఎక్కడెక్కడికి పోగలదో చూపే బొమ్మలు) గీయొచ్చు, ఎసిటిక్ యాసిడ్ నుంచి మిగిలే కార్బాక్సిలేట్‌కి, అంటే ఎసిటేట్‌కి, రెండే, మరి ఫీనాలే బలంగా ఉండాలి కదా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కాదండీ. ఆమ్ల బలాన్ని చెప్పే సంఖ్య పీకేఏ ఎసిటిక్ యాసిడ్‌కి 4.76, ఫీనాల్‌కి దాదాపు 10. పీకేఏ ఒక్కటి తగ్గితే బలం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి ఎసిటిక్ యాసిడ్ లక్ష రెట్లకు పైగా బలమైనది.

నిర్మాణాలు లెక్కపెట్టడం మానేసి, ప్రోటాన్ వెళ్లిపోయాక మిగిలిన రుణావేశం ఏ పరమాణువు మీద ఉందో చూడండి. నన్నడిగితే తేల్చేది అదే. ఎసిటేట్‌లో రెండు నిర్మాణాలూ అచ్చం ఒకేలా ఉంటాయి, ఆవేశాన్ని రెండు ఆక్సిజన్లు సగం సగం పంచుకుంటాయి. ఫీనాక్సైడ్‌లో ఐదింటిలో మూడు నిర్మాణాల్లో ఆవేశం కార్బన్ మీదికి పోతుంది, కార్బన్‌కి దాన్ని భరించే శక్తి ఆక్సిజన్‌కి ఉన్నంత లేదు, పైగా ఆ మూడింటిలో బెంజీన్ రింగ్ ఆరోమాటిసిటీ (ఆ రింగ్‌కి ప్రత్యేకంగా ఉండే స్థిరత్వం) కూడా పోతుంది. అందుకే అవి పేరుకి మూడున్నా సాయం తక్కువ.

అలాగని ఫీనాల్‌ని తీసిపారేయలేం. రింగ్‌కి పారా స్థానంలో (OH కి సరిగ్గా ఎదురుగా) ఒక్క నైట్రో గ్రూపు (NO2) పెడితే పీకేఏ 7.15కి దిగుతుంది, అదే గ్రూపు మెటాలో (OH ఉన్న కార్బన్ నుంచి ఒకటి వదిలి పక్కదాని మీద) ఉంటే 8.4 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే పారాలో ఉన్నప్పుడు ఆవేశం నేరుగా నైట్రో ఆక్సిజన్ల దాకా చేరుతుంది, మెటా నుంచి ఆ దారి లేదు. మూడు నైట్రోలున్న పిక్రిక్ యాసిడ్ అయితే దాదాపు 0.4, ఎసిటిక్ యాసిడ్‌ని ఎప్పుడో దాటేసింది.

ఇక ఇండక్టివ్ ఎఫెక్ట్ సంగతి, అంటే క్లోరిన్ లాంటి పరమాణువు బంధాల గుండా ఎలక్ట్రాన్లను తనవైపు లాగడం. క్లోరోఎసిటిక్ యాసిడ్ పీకేఏ 2.86, అంటే ఒక్క క్లోరిన్‌తోనే బలం దాదాపు ఎనభై రెట్లు పెరిగింది. కానీ దూరం పెరిగేకొద్దీ ఇది నీరుగారిపోతుంది: బ్యుటనోయిక్ యాసిడ్ 4.82 అయితే, క్లోరిన్ రెండో కార్బన్ మీద (COOH కార్బన్ ఒకటోది) ఉంటే 2.86, మూడో దాని మీద 4.05, నాలుగో దాని మీద 4.52. అందుకే ఒకే రకం ఆమ్లాలను పోల్చేటప్పుడు ఇండక్టివ్, వేర్వేరు రకాలైతే ముందు రెజొనెన్స్ చూడమంటాను.

ఆల్కహాల్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇథనాల్ పీకేఏ 16, ఆవేశం ఒకే ఆక్సిజన్ మీద ఇరుక్కుపోతుంది.

ల్యాబ్‌లో తేల్చుకోవాలంటే సోడియం బైకార్బొనేట్ ద్రావణం చాలు. ఎసిటిక్ యాసిడ్ పోస్తే బుస్సున పొంగుతుంది, పిక్రిక్ యాసిడ్‌తోనూ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మామూలు ఫీనాల్ వేస్తే మాత్రం బుడగలు రావు, ఎందుకంటే అది 6.35 పీకేఏ ఉన్న కార్బోనిక్ యాసిడ్ కంటే బలహీనం.