శక్తి పద్ధతా, గమన సమీకరణాలా: లెక్కకు ఏది మేలు?

20 మీటర్ల ఎత్తు నుంచి రాయి వదిలారు, నేలను తాకేటప్పుడు వేగమెంత? దీన్ని గమన సమీకరణాలతో (వేగం, త్వరణం, దూరం, కాలాలను కలిపే సూత్రాలు) చెయ్యాలా, శక్తి నిత్యత్వంతో (శక్తి రూపం మారినా మొత్తం మారదన్న నియమం) చెయ్యాలా అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఈ లెక్క వరకైతే ఏదైనా ఒకటే. జీ (భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం) విలువ 10 అనుకుంటే ఎటు పోయినా సెకనుకు 20 మీటర్లే వస్తుంది.

దారి వంకర తిరిగినప్పుడే అసలు తేడా. 5 మీటర్ల ఎత్తున్న నున్నటి జారుడుబల్ల తీసుకోండి. 30 డిగ్రీల తిన్నని వాలైతే గమన సమీకరణాలతో నెట్టుకురావచ్చు: వాలు పొడవు 10 మీటర్లు, త్వరణం 5, అడుగున వేగం 10. అదే బల్ల వంపులు తిరిగితే త్వరణం చోటుచోటుకీ మారిపోతుంది. ఆ సమీకరణాలేమో త్వరణం మారనప్పుడే చెల్లుతాయి. శక్తి పద్ధతికి ఆ వంపులతో పనే లేదు. పైన ఎత్తు వల్ల ఉన్న శక్తి ఎంజీహెచ్ (ద్రవ్యరాశి × జీ × ఎత్తు), కింద వేగం వల్ల వచ్చిన శక్తి సగం ఎంవీ స్క్వేర్ (వీ అంటే వేగం). రెండు వైపులా ఎం కొట్టేస్తే మళ్లీ 10. ఊగే లోలకానికీ ఇదే దారి.

ఇంకొకటి. 15 మీటర్ల ఎత్తు నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో విసిరారు. పైకా, కిందికా, అడ్డంగానా అన్నది చెప్పలేదు. గాలి నిరోధం వదిలేస్తే శక్తి పద్ధతికి అది చెప్పక్కర్లేదు కూడా: తొలి వేగం వర్గం 100కి, ఎత్తు వల్ల వచ్చే 2×10×15 = 300 కలిపితే 400, దాని వర్గమూలమే వేగం, 20. ఇక్కడ చాలామంది ఊరికే వదిలితే వచ్చే వేగం 17.3ని విడిగా కట్టి, దానికి 10 కలిపి 27.3 అంటారు. కలిసేవి శక్తులు, వేగాలు కాదు.

ఘర్షణ ఉన్నా భయం లేదు. 2 కిలోల దిమ్మె 5 మీటర్ల ఎత్తు నుంచి జారి సెకనుకు 8 మీటర్ల వేగంతో అడుగుకి చేరింది. పైన 100 జౌళ్లు, కింద 64. మిగతా 36 ఘర్షణకి పోయాయి.

బలాలన్నీ బొమ్మ గీసి న్యూటన్ నియమంతో మొదలుపెట్టడం మూడో దారి. తాడులో తన్యత (తాడు లాగే బలం) అడిగితే తప్పదు, లేకపోతే వద్దు.

నా ఓటు శక్తికే. కానీ ప్రశ్నలో 'ఎంతసేపటికి' అన్న మాట కనిపిస్తే మాత్రం నేనూ గమన సమీకరణాల దగ్గరికే వెళ్తాను. ఎంజీహెచ్‌లో కాలం ఎక్కడా లేదు. మొదటి రాయికి 2 సెకన్లు పట్టిందని చెప్పేది అవే.