పాత ల్యాప్‌టాప్‌లో నావిడ్రోమ్: నాలుగేళ్ళు వాడాక

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో టీవీ స్టాండు కింద స్క్రీను పగిలిన ల్యాప్‌టాప్ ఒకటి నాలుగేళ్ళుగా పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. దాంట్లో డెబియన్ అనే లినక్స్ వేసి, మన దగ్గరున్న పాటల్ని నెట్ ద్వారా ఫోన్లో వినిపించే నావిడ్రోమ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. 4 జీబీ ర్యామ్, అదే ఎక్కువ. కరెంటు పోతే దాని బ్యాటరీ అరగంట లాగుతుంది, వైఫై రౌటర్‌కి మాత్రం ఇన్వర్టరే దిక్కు.

పెట్టడం గంట పని, అసలు చాకిరీ ట్యాగులది, అంటే పాట ఫైల్లోనే రాసి ఉండే పాట పేరు, గాయకుడు, ఆల్బమ్ లాంటి వివరాలది. ఏళ్ళ తరబడి సినిమాకో ఫోల్డరు చొప్పున ముచ్చటగా సర్దుకున్నాను, ఇదేమో ఫోల్డర్ల మొహం చూడకుండా ట్యాగులే చదువుతుంది. ఆల్బమ్ ఎవరిదో చెప్పే ఆల్బమ్ ఆర్టిస్ట్ ట్యాగు ఖాళీగా ఉంటే గాయకుడి పేరే తీసుకుంటుంది కాబట్టి ఘంటసాల పాట ఒక ఆల్బమ్, సుశీల పాట ఇంకో ఆల్బమ్, ఇద్దరూ కలిసి పాడింది మూడోది. నాన్న ఫోన్లో చూసి "ఏరా, సినిమాని ఇలా ముక్కలు చేశావేంటి?" అన్నారు. మన సినిమా ఆల్బమ్ సంగీత దర్శకుడిది కదా, అందుకని పాటలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో ఆయన పేరు పెట్టి సేవ్ కొట్టాను, ముక్కలన్నీ అతుక్కున్నాయి. ఇలా ఎన్ని సినిమాలో! ఇంగ్లీషు స్పెల్లింగుల పుణ్యమా అని ఘంటసాలలే ముగ్గురు తేలారు: హెచ్ ఉన్నాయన, లేనాయన, ఇనిషియల్స్ తగిలించుకున్నాయన.

నావిడ్రోమ్‌లో ట్యాగులు మార్చే వీలు లేదు. పాటను పోల్చుకుని ట్యాగులు తనే నింపే పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్ లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది గానీ నా దగ్గరున్న పాత తెలుగు సినిమాల్ని చాలావరకు పోల్చుకోలేకపోయింది, చివరికి విండోస్ పీసీలో ఎంపీ3ట్యాగ్ అనే ట్యాగుల ఎడిటర్‌తో చేత్తోనే కొట్టుకున్నాను. ఒక తిరకాసు ఉంది. లినక్స్‌లో ఫైలు పేరులో కోలన్ (:) పెట్టొచ్చు, విండోస్ ఒప్పుకోదు, లినక్స్ ఫోల్డర్లను విండోస్‌కి చూపించే సాంబా షేర్లోంచి చూస్తే పేరు బదులు టిల్డా (~) గుర్తుతో ఏదో పొట్టి పేరు కనిపిస్తుంది. నేను వైరస్ అనుకుని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను!

పాటల పేర్లు తెలుగు లిపిలో పెడదామని మొదలుపెట్టి మానేశాను. అలా పెడితే ఇంగ్లీషులో టైపు చేసి వెతికినప్పుడు దొరకవు, కారు స్టీరియోలో గళ్ళు గళ్ళుగా పడతాయి.

వినడానికి మాత్రం వంక పెట్టలేను. సబ్‌సోనిక్ అనే పాత మ్యూజిక్ సర్వర్ పద్ధతి తెలిసిన ఏ యాప్ అయినా పనిచేస్తుంది, బయట నుంచి ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే టెయిల్‌స్కేల్ పెట్టుకున్నాక విజయవాడ బస్సులో కూడా మా ఇంటి పాటలే. నాణ్యత తగ్గని పెద్ద ఫ్లాక్ ఫైళ్ళను అప్పటికప్పుడు చిన్న సైజు ఓపస్ ఫార్మాట్‌లోకి మార్చి పంపుతుంది, డేటా అయిపోతుందన్న బెంగ లేదు. రెండో ఏడు ఎండాకాలంలో హార్డ్ డిస్క్ పోయింది, విజయవాడలో తమ్ముడింట్లో కాపీ ఉండబట్టి బతికాను.

నాన్న క్యాసెట్లు ఇంకో నలభై ఉన్నాయి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో రికార్డు చేసి ఫ్లాక్‌లో దాస్తే గంట క్యాసెట్ 300 ఎంబీ పైనే అవుతోంది, అది ఫర్లేదు. టేప్‌రికార్డర్ బెల్టు సాగిపోయి పాట ఈడుస్తోంది, విజయవాడ గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగినా దొరకలేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి.