కళ్ల కంటే చెవులకే ఎక్కువ పని పెట్టిన లఘుచిత్రాలు

ఫెస్టివల్‌లో ప్రయోగాత్మక, యానిమేషన్ లఘుచిత్రాల విభాగానికి టికెట్ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు తప్పకుండా తీసుకోండి. కాకపోతే స్పీకర్లకు దగ్గరగా మాత్రం కూర్చోకండి, కారణం తర్వాత చెబుతాను. సౌండ్ మిక్సింగ్ నా వృత్తి. ఏ సినిమా అయినా నాకు ముందు చెవికే తగులుతుంది, కాబట్టి ఈ రివ్యూ కూడా అటువైపు నుంచే ఉంటుంది.

మొదట వేసింది అసలు శబ్దమే లేని సినిమా. స్టాన్ బ్రాకేజ్ 1963లో చేసిన 'మాత్‌లైట్'. దీనికి కెమెరా వాడలేదు. దీపాల దగ్గర చచ్చిపడే రెక్కల పురుగుల రెక్కలు, పూరేకులు, గడ్డిపరకలు ఏరి, ఫిల్ము అతికించే పారదర్శకమైన టేపు రెండు పొరల మధ్య పెట్టి, దాన్నే ప్రింటు తీశాడు. ఇలాంటి మూకీలకు ఏదో ఒక సంగీతం తగిలించి వేసే అలవాటు చాలామందికి ఉంది. ఇక్కడ ఆ పని చేయలేదు, నిర్వాహకులకు నమస్కారం. నాలుగు నిమిషాలు కూడా లేని ఆ నిశ్శబ్దంలో హాలు మొత్తం సర్దుకుంది, తర్వాత వచ్చిన ప్రతి శబ్దమూ విడిగా వినపడింది.

నార్మన్ మెక్‌లారెన్‌వి రెండు వేశారు. 1949 నాటి 'బిగాన్ డల్ కేర్'లో ఆయనా, ఎవెలిన్ లాంబార్టూ పియానో వాయించే ఆస్కార్ పీటర్సన్ జాజ్‌కి తగ్గట్టు ఫిల్ము మీదే రంగులు వేశారు, గీతలు గీశారు. అందరూ రంగుల గురించే మాట్లాడుతున్నారు కానీ నాకు నచ్చింది మధ్యలో పాట నెమ్మదించే భాగం. నల్లటి తెర మీద సన్నటి నిలువు గీతలు, అంతే. పియానో ఎంత తగ్గితే బొమ్మ కూడా అంతే తగ్గింది. ఆ సంయమనం మా రంగంలో అందరికీ రాదు.

రెండోది 'నైబర్స్', 1952. ఒక పువ్వు కోసం ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు కొట్టుకుంటారు. నిజం మనుషుల్నే బొమ్మల్లా కదుపుతూ ఫ్రేము ఫ్రేముగా తీసిన సినిమా. అందులోని శబ్దాలు ఏ వాద్యం నుంచీ వచ్చినవి కావు. పాత ఫిల్ములో బొమ్మల పక్కన సన్నటి సౌండ్ ట్రాక్ ఉంటుంది. దానిగుండా వెళ్లే వెలుగు హెచ్చుతగ్గులే కరెంటుగా మారి స్పీకర్లో శబ్దమవుతాయి. మెక్‌లారెన్ ఆ ట్రాక్‌లోనే గుర్తులు వేసి శబ్దం పుట్టించాడు. అంటే సంగీతాన్ని కూడా గీశాడన్నమాట! రోజూ కంప్యూటర్ మీద ట్రాకులు పేర్చుకునే నేను ఆ ఎనిమిది నిమిషాలూ ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాను.

ఈషు పటేల్ 'బీడ్ గేమ్' (1977) బాగుంది. పూసలు ఒక జీవిని మింగి ఇంకో జీవిగా మారుతూ పోతాయి, తాళం వాటిని తరుముతూ ఉంటుంది.

ఇక్కడే గొడవ మొదలైంది. ప్రభుత్వ చిత్రనిర్మాణ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కోసం ప్రమోద్ పతి 1968లో తీసిన 'ఎక్స్‌ప్లోరర్' మొదలవగానే ముందు వరసల్లో కొందరు చెవులు మూసుకున్నారు. క్షణానికో ముక్కగా తెగిపోయే బొమ్మలు, డాన్సు చేసే కుర్రకారు, వాటి మీద ఉరుకులు పెట్టే శబ్దాలు. అది గట్టిగా ఉండాల్సిన సినిమానే, కానీ తప్పు సినిమాది కాదు. వేర్వేరు కాలాల ప్రింట్లలో శబ్దం ఒకే స్థాయిలో ఉండదు. షోకి ముందు ఎవరైనా కూర్చుని ఒక్కో సినిమాకి వాల్యూమ్ ఎంత పెట్టాలో రాసుకుంటే సరిపోయేది. ఆ చిన్న పని చేయకపోవడం వల్ల మంచి సినిమాకి చెడ్డపేరు వచ్చింది. బయటికొచ్చాక "ఆ గోల సినిమా" అని ఎవరో అంటుంటే బాధేసింది.

దాని వెంటనే, ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, యూరి నార్‌స్టెయిన్ 'హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్' (1975). చెవులు ఇంకా గింగురుమంటుండగా దీని మొదటి నిమిషం పోయింది. స్నేహితుడైన ఎలుగుబంటితో కలిసి చుక్కలు లెక్కపెట్టడానికి బయల్దేరిన బుల్లి ముళ్లపంది పొగమంచులో దారి తప్పుతుంది. ఆ పొగమంచు పల్చటి కాగితం. దాన్ని ఫ్రేము ఫ్రేముకీ కెమెరా వైపు కొంచెం కొంచెం లేపుతూ తీశారు. కళ్లకు ఏమీ కనపడనప్పుడు చిన్న చప్పుడు కూడా ఎంత పెద్దదవుతుందో ఈ పది నిమిషాల్లో తెలుస్తుంది. దీన్ని 'మాత్‌లైట్' తర్వాత వేసి ఉండాల్సింది.

చివరిది క్రిస్ మార్కర్ 'లా జెటే' (1962), ఇరవై ఎనిమిది నిమిషాలు. దాదాపు మొత్తం నిశ్చల ఛాయాచిత్రాలే, పైన ఒక గొంతు కథ చెబుతూ ఉంటుంది. ఒకే ఒక్క చోట బొమ్మ కదులుతుంది, నిద్రలో ఉన్న స్త్రీ కళ్లు తెరుస్తుంది. దానికి ముందు పక్షుల కిలకిలలు పెరుగుతూ పెరుగుతూ వస్తాయి. ఆ కదలికకు మనల్ని సిద్ధం చేసేది ఆ శబ్దమే. హాల్లో సరైన వాల్యూమ్‌లో వింటేనే అది పనిచేస్తుంది, అదృష్టవశాత్తూ దీనికి సరిగ్గా కుదిరింది. టికెట్‌కి ఇదొక్కటి చాలు.

నిర్వాహకులకు ఒక విన్నపం. మీ కేటలాగ్‌లో ప్రతి సినిమాకీ దర్శకుడు, దేశం, సంవత్సరం, నిడివి ఉన్నాయి. 'బీడ్ గేమ్'కి సంగీతం ఇచ్చిన జె.పి. ఘోష్ పేరు లేదు. నార్‌స్టెయిన్ సినిమాకి సంగీతం చేసిన మిఖాయిల్ మెయెరోవిచ్ పేరూ లేదు. వచ్చేసారి శబ్దం, సంగీతం చేసినవాళ్లకు కూడా ఒక్క వరస చోటివ్వండి.