ఫోర్క్‌లిఫ్ట్‌కి ఏ అలారం, ఏ లైటు? ఏళ్ల తరబడి వాడాక మా సమీక్ష

మా గోడౌన్‌లో 48 వోల్టుల ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్‌లు, బయట యార్డులో డీజిల్ బండ్లు తిరుగుతాయి. రివర్స్‌లో మోగే మామూలు బీప్ అలారం, వైట్ నాయిస్ అలారం, అంబర్ బీకన్ (బండి మీద మెరిసే పసుపు లైటు), బ్లూ స్పాట్ (నేల మీద నీలి చుక్క వేసేది), రెడ్ జోన్ (బండి చుట్టూ నేల మీద ఎర్ర గీతలు వేసేది) లైట్లు అన్నీ వీటి మీద వాడి చూశాం. కొనేవాళ్లకు ముందుగా చెప్పేది ఒక్కటే: మోత పెరిగితే భద్రత పెరుగుతుందనుకోవద్దు.

షాపులో 107, 112 డెసిబెల్స్ అని చూపిస్తారు. ఆ అంకె అలారానికి 1.2 మీటర్ల దూరంలో కొలిచినది. రేకుల షెడ్డులో అంత మోత గోడలకీ పైకప్పుకీ కొట్టుకుని తిరిగొస్తుంది, బండి ఏ సందులోంచి వస్తోందో తెలియదు. రెండు మూడు బండ్లు ఒకేసారి రివర్స్‌లో ఉంటే హమాలీలు తిరిగి చూడటమే మానేస్తారు. డ్రైవరేమో షిఫ్టంతా ఆ మోత పక్కనే కూర్చోవాలి. చివరికి అలారంలో గుడ్డ కుక్కుతారు, లేదా వైరు పీకేస్తారు. తనిఖీలో గుడ్డ కనిపిస్తే డ్రైవర్‌ని తిట్టకండి, అలారం మార్చండి.

లోపలి బండ్లకు బీప్ అలారమే కొంటే, చుట్టూ ఉన్న చప్పుడును బట్టి తనంతట తాను తగ్గి పెరిగే రకం తీసుకోండి. 77 నుంచి 97 డెసిబెల్స్ మధ్య మోగేది సరిపోతుంది. యార్డుకి 87–112 రకం కావాలి. ఇలా తగ్గి పెరిగే రకానికో బలహీనత ఉంది. చుట్టూ చప్పుడు వినే దాని మైకు రంధ్రంలో దుమ్ము పేరుకుంటే చుట్టూ నిశ్శబ్దమే అనుకుని ఎప్పుడూ చిన్నగానే మోగుతుంది. ఇంజన్ ఫ్యాను దగ్గర బిగిస్తే అందుకు విరుద్ధంగా, ఎప్పుడూ గరిష్ఠంగానే అరుస్తుంది. కౌంటర్‌వెయిట్ (బండి వెనకుండే బరువైన ఇనుప దిమ్మ) వెనక, నోరు కొంచెం కిందికి వంచి బిగిస్తే నీళ్లూ నిలవవు.

వైట్ నాయిస్ రకం 'ఖుష్ ఖుష్' అంటుంది. మొదట ఎవరికీ నచ్చదు కానీ, శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి చటుక్కున పట్టేస్తుంది. దూరంగా ఉన్నవాళ్లను ఊరికే విసిగించదు. గోడౌన్ లోపలికి మా ఓటు దీనికే. ఆరుబయట, గాలిలో, లారీల మధ్య మాత్రం తేలిపోతుంది.

బ్లూ స్పాట్ ర్యాకుల మూలల దగ్గర నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే బండి కంటే ముందు వెలుగు బయటికొస్తుంది. ఎంత ముందు అన్నదే లెక్క. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు దాదాపు 2.8 మీటర్లు కదులుతుంది. చుక్క 3 మీటర్ల దూరంలో పడితే నడిచేవాడికి దక్కేది ఒక్క సెకను. 5 మీటర్లకు పెట్టండి. ఎత్తయిన లోడు పెడితే ముందు చుక్క ఆ లోడుకే తగిలి ఆగిపోతుంది. అలాంటి లోడుతో ఎలాగూ రివర్స్‌లోనే నడపాలి కాబట్టి వెనక స్పాట్ తప్పనిసరి. లారీలకు సరుకెక్కించే డాకు గుమ్మం దగ్గర మధ్యాహ్నం ఎండ పడితే చుక్క కనబడదు, అక్కడ లైటును నమ్ముకోకండి.

రెడ్ జోన్ గీతలు వెడల్పు దారుల్లో బాగుంటాయి. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది కాబట్టి మలుపులో వెనక భాగం పక్కకు విసురుగా వస్తుంది. గీతను ఆ విసురుకు అవతల పడేలా పెట్టాలి. ఇరుకు సందుల్లో గీత ర్యాకుల మీదికి ఎక్కుతుంది, అక్కడ డబ్బు దండగ. బీకన్ యార్డుకు చాలు.

లైట్లు పాడయ్యేది తక్కువ. పాడుచేసేది వైరింగే. ఎలక్ట్రిక్ బండిలో 12 వోల్టుల లైటు పెట్టాలని కొందరు ఎలక్ట్రీషియన్లు బ్యాటరీలో ఆరు సెల్స్ నుంచి కనెక్షన్ లాగుతారు. ఆ ఆరూ మిగతావాటికంటే ముందే ఖాళీ అవుతాయి, ఛార్జింగ్ లెక్క తప్పుతుంది, కొన్నాళ్లకు ఖరీదైన బ్యాటరీ మొత్తం దెబ్బతింటుంది. 10–80 వోల్టుల లైటు కొనండి, లేదా మొత్తం బ్యాటరీ వోల్టేజీని లైటుకు తగ్గట్టు తగ్గించే డీసీ కన్వర్టర్ పెట్టించండి. డీజిల్ బండిలో లాగా నెగటివ్ వైరును బాడీకి కలపకూడదు. ఎలక్ట్రిక్ బండిలో బాడీ బ్యాటరీకి సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. నెగటివ్‌కి రెండో వైరు వేయాల్సిందే. రివర్స్ సిగ్నల్‌తో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) నడిపించి, కరెంటు ఫ్యూజు ద్వారా తీసుకోండి. డ్రైవర్ తల మీదున్న గార్డుకి రంధ్రం వేయనివ్వకండి, దాని బలం తగ్గుతుంది. క్లాంపులతో, లాక్ నట్టుతో బిగించండి.

కుదుపులకు బ్రాకెట్ జరిగి చుక్క ఎక్కడికో పోవడం మామూలే. పార్కింగ్ దగ్గర నేల మీద చక్రానికో గీత, చుక్క పడాల్సిన చోట ఓ గుర్తు పెయింట్ చేయండి. షిఫ్టు మొదట్లో బండి గీత మీద ఆపి లైటు వేస్తే చాలు. గుర్తుకు జానెడు పక్కన పడితే బ్రాకెట్ వదులైనట్టే.