సూపర్‌స్కోరా, ఒకే రోజు స్కోరా? శాట్ మళ్లీ రాసేవాళ్లకు ఏది మేలు

ఒక అమ్మాయి మార్చిలో అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్ రాసిందనుకుందాం. ఇంగ్లిష్ సెక్షన్‌లో 650, మ్యాథ్స్‌లో 760, మొత్తం 1410 వచ్చాయి. అక్టోబరులో మళ్లీ రాస్తే ఇంగ్లిష్ 720కి పెరిగింది, మ్యాథ్స్ 730కి తగ్గింది, మొత్తం 1450 అయింది. మరి ఈ అమ్మాయి స్కోరు ఎంత? అమెరికాలో ఒక్కో కాలేజీ ఒక్కో జవాబు చెబుతుంది. ఏ సెక్షన్‌లో ఎప్పుడు ఎక్కువ వస్తే దాన్నే తీసుకుని కలిపే కాలేజీకి అది 720, 760 కలిపి 1480. దీన్నే సూపర్‌స్కోర్ అంటారు. ఒకే రోజు వచ్చిన మొత్తాల్లో పెద్దది చూసే కాలేజీకి అది 1450. రాసినవన్నీ పంపమనే కాలేజీకి 1410 కూడా కనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విద్యార్థికి సూపర్‌స్కోరే మేలు. కాలేజీకి కూడా అదే మేలని అనడానికి ఆధారం ఉంది. కానీ మళ్లీ మళ్లీ ఫీజు కట్టలేని ఇంటికి దానివల్ల ఒరిగేది తక్కువ. ఈ సంగతి పక్కన పెట్టి ఏది మేలో తేల్చడం న్యాయం కాదు.

సూపర్‌స్కోర్ మీద ఉన్న గట్టి అభ్యంతరంతో మొదలుపెడదాం. ఏ పరీక్షలోనైనా అదృష్టం పాలు కొంత ఉంటుంది. అదే అమ్మాయి, అదే చదువుతో, ఇంకో శనివారం రాస్తే సెక్షన్‌కు ఓ 30 పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే. అందుకే శాట్ నడిపే కాలేజ్ బోర్డు కూడా రిపోర్టులో స్కోరుతో పాటు దాని చుట్టూ ఒక పరిధిని చూపిస్తుంది. సగటు తీస్తే కలిసొచ్చిన రోజు, కలిసిరాని రోజు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పెద్దవి మాత్రమే ఏరుకుంటే కలిసొచ్చిన రోజులే మిగులుతాయి. అంటే నాలుగుసార్లు రాసినవాడి సూపర్‌స్కోర్ అతని అసలు సామర్థ్యం కన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. లెక్క ప్రకారం ఇది కాదనలేని మాట.

మరి ఆ ఎక్కువ చూపించిన స్కోరు కాలేజీలో తేలిపోవాలి కదా? 2018లో శాట్ లాంటి మరో ప్రవేశ పరీక్ష ఏసీటీని నడిపే, అదే పేరున్న సంస్థ పరిశోధకురాలు క్రిస్టా మాటర్న్, ఆమె సహచరులు సరిగ్గా ఇదే చూశారు. చివరిసారి వచ్చిన స్కోరు, అన్నిటి సగటు, ఒకే రోజు వచ్చిన అత్యధికం, సూపర్‌స్కోర్, ఈ నాలుగింటినీ విద్యార్థులకు కాలేజీ మొదటి ఏడాదిలో వచ్చిన గ్రేడ్లతో పోల్చారు. గ్రేడ్లను అంచనా వేయడంలో నాలుగింటి మధ్య తేడా చాలా తక్కువ. ఎక్కువసార్లు రాసినవాళ్ల దగ్గరే అసలు విషయం బయటపడింది. వాళ్లు తమ స్కోరు సూచించిన దానికన్నా బాగా చదివారు. సూపర్‌స్కోర్ తీసుకున్నప్పుడు ఆ తేడా మిగతా పద్ధతులన్నిటికన్నా తగ్గింది. ఒకసారి తక్కువొచ్చినా వదలకుండా కూర్చుని మళ్లీ రాసే పట్టుదల కాలేజీలోనూ పనికొస్తుందని, సూపర్‌స్కోర్‌లో అది కూడా కొంత కలిసి ఉంటుందని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. పరీక్ష నడిపే సంస్థలోని వాళ్లే చేసిన అధ్యయనం కాబట్టి కాస్త జాగ్రత్తగానే చదవాలి. 2021 నుంచి ఏసీటీ తానే సూపర్‌స్కోర్ లెక్కగట్టి ఇస్తోంది కూడా. అయినా నాకు ఈ ఫలితం నమ్మదగిందిగానే అనిపిస్తుంది.

ఇంతకీ రెండోసారి ఎవరు రాస్తారు? అమెరికాలోనే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు మళ్లీ రాయడం తక్కువని, రాస్తే మాత్రం స్కోరూ, నాలుగేళ్ల కాలేజీలో చేరే అవకాశమూ రెండూ పెరుగుతాయని 2020లో గుడ్‌మన్, గురాంట్జ్, స్మిత్ అనే ఆర్థికవేత్తలు ప్రచురించిన పరిశోధన చెబుతోంది. అక్కడి పేద విద్యార్థులకైతే ఫీజు మినహాయింపు ఉంది. వరంగల్ నుంచో కర్నూలు నుంచో రాసే మన పిల్లలకు అది వర్తించదు. విదేశీ రుసుముతో కలిపి ఒక్కసారికే వంద డాలర్లు దాటుతుంది, సెంటర్ ఉన్న ఊరికి ప్రయాణం అదనం. ఇంత ఖర్చు రెండుసార్లు పెట్టగలిగిన ఇంటికి, ఒకసారికే అప్పు చేసిన ఇంటికి మధ్య సూపర్‌స్కోర్ దూరం పెంచుతుంది. ఒకే రోజు అత్యధికం చూసే పద్ధతిలోనూ ఈ దూరం పోదు, కొంచెం తగ్గుతుందంతే.

అన్ని స్కోర్లూ పంపమనే పద్ధతికి జార్జ్‌టౌన్ యూనివర్సిటీ బాగా తెలిసిన ఉదాహరణ. ఎవరు ఎన్నిసార్లు రాశారో కనబడుతుంది కాబట్టి ఊరికే రాస్తూ పోయేవాళ్లకు ఇది పగ్గం వేస్తుందని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. నాకు మాత్రం మూడింట్లో ఇదే తక్కువగా నచ్చుతుంది. కోచింగ్ లేకుండా, ఎలా ఉంటుందో చూద్దామని మొదటిసారి రాసిన పిల్లకు ఆ తక్కువ స్కోరు చివరిదాకా టెన్షన్ పెడుతుంది. పెద్ద పెద్ద కోచింగ్‌లలో పది మాక్ టెస్టులు రాసి తొలిసారే గట్టిగా వెళ్లినవాడికి ఆ బెంగ ఉండదు.

మన దగ్గర ఇంచుమించు ఇలాంటిది జేఈఈ మెయిన్. 2019 నుంచి దాన్ని ఏడాదికి ఒకటికి మించి సార్లు రాసే వీలుంది, పరీక్ష నడిపే ఎన్‌టీఏ ఇచ్చే స్కోర్లలో మెరుగైనదాన్ని ర్యాంకుకు తీసుకుంటారు. జనవరిలో మ్యాథ్స్ బాగా రాసి, ఏప్రిల్‌లో ఫిజిక్స్ బాగా రాస్తే రెండూ కలపరు. ఎందుకు కలపరని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. ఎన్‌టీఏ మొత్తం స్కోరు మూడు సబ్జెక్టుల పర్సంటైళ్ల మొత్తమూ కాదు, సగటూ కాదు. మొత్తం మార్కులను ఆ షిఫ్టులో రాసినవాళ్లందరి మార్కులతో పోల్చి విడిగా లెక్కగట్టేది. వేరే వేరే రోజుల ముక్కలు తెచ్చి అందులో అతికించడం కుదరదు. పైగా ఇక్కడ పర్సంటైల్‌లో చిన్న తేడా వచ్చినా ర్యాంకు మారి సీటు మారుతుంది. అమెరికాలో శాట్ స్కోరు గ్రేడ్లు, వ్యాసాలు, సిఫార్సు లేఖల మధ్య ఒకటి మాత్రమే. అక్కడ 1450 స్థానంలో 1480 ఉంటే మంచిదే, అంతకుమించి ఏమీ కాదు. కాబట్టి సూపర్‌స్కోర్ అక్కడ సరిపోతుంది, ర్యాంకు మీద నడిచే మన పద్ధతికి ఒకే సెషన్ స్కోరే సరి.

ఇక రెండోసారి రాయాలా, రాస్తే ఎలా చదవాలి అన్నది కాలేజీల జాబితాను బట్టి తేలుతుంది. ఎంఐటీ సెక్షన్‌వారీగా అత్యధిక స్కోర్లు చూస్తుంది. అలాంటి కాలేజీలే జాబితాలో ఉంటే, మొదట చెప్పిన అమ్మాయి అక్టోబరుకు ముందు మ్యాథ్స్ పుస్తకం మూసేసి ఇంగ్లిష్ మీదే కూర్చున్నా నష్టం లేదు. ఒకే రోజు స్కోరు చూసే కాలేజీ ఒక్కటున్నా అలా చేయకూడదు, 760 నుంచి 730కి జారిన ముప్పై పాయింట్లు అక్కడ నేరుగా తగులుతాయి. జాబితా అంతా కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లే అయితే రెండోసారి ఫీజు కట్టక్కర్లేదు. ప్రవేశాలకు వాళ్లు శాట్, ఏసీటీ స్కోర్లు అసలు చూడరు.

స్కోర్లు పంపేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 2009లో శాట్‌కు వచ్చిన స్కోర్ చాయిస్ అనే వెసులుబాటులో ఏ తేదీ పరీక్ష పంపాలో ఎంచుకోవచ్చు, కానీ ఒక తేదీలోని ఒక్క సెక్షన్‌నే పంపడం కుదరదు. మొత్తం ఎక్కువ వచ్చింది కదా అని అక్టోబరుది మాత్రమే పంపితే మార్చిలోని 760 కాలేజీకి తెలియనే తెలియదు. కలపాలంటే రెండు తేదీలూ పంపాలి. 650 కూడా కనబడుతుందని భయపడక్కర్లేదు. సూపర్‌స్కోర్ చేసే కాలేజీ తీసుకునేది పెద్దవే.

ఎంఎస్‌కు వెళ్లేవాళ్ల దగ్గరా ఇదే రెండు రకాలుగా ఉంది. ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్‌లో, దాన్ని నడిపే ఈటీఎస్ సంస్థ 2019లో మైబెస్ట్ పేరుతో రెండేళ్లలోని పరీక్షల నుంచి సెక్షన్‌వారీ అత్యధిక స్కోర్లు కలిపి చూపించడం మొదలుపెట్టింది, యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో విడిగా కనుక్కోవాలి. జీఆర్‌ఈలో అదే ఈటీఎస్ అలా కలపదు. అక్కడి స్కోర్‌సెలెక్ట్ అనే వెసులుబాటులో ఏ రోజుది పంపితే ఆ రోజు స్కోర్లన్నీ వెళ్తాయి. వెర్బల్ పెంచుకోవడానికి జీఆర్‌ఈ మళ్లీ రాసేవాళ్లు క్వాంట్‌ను కూడా మొదటిసారంత శ్రద్ధగా చూసుకునే వెళ్లాలి.