పారిస్‌లో గ్లుక్ ఒపేరా: పాట గొప్పది, టికెట్ అమ్మినవాళ్లు మోసగాళ్లు

పారిస్‌లోని పాలే గార్నియే అనే పెద్ద హాలులో ఒపేరా (పాటలతో సాగే నాటకం) చూడాలనుకునేవాళ్లు టికెట్లు ఒపేరా వాళ్ల సొంత సైట్‌లోనే కొనండి. మేం కొన్న రీసేల్ సైట్ వాళ్లు ‘బాక్స్ సీటు (చిన్న గదిలా విడిగా ఉండే బాల్కనీ సీటు), స్టేజీ చక్కగా కనిపిస్తుంది’ అని చెప్పి ఒక్కో టికెట్‌కి 95 యూరోలు తీసుకున్నారు. తీరా చూస్తే టికెట్ మీద ధర 25 యూరోలు! పక్క బాక్సులో వెనక వరస. హాలు గుర్రపు నాడాలా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి సగం స్టేజీయే కనిపిస్తుంది. ఇద్దరికీ కలిపి 140 యూరోలు దండగయ్యాయని మా వారు ఆ పాలరాతి మెట్ల దగ్గర ఫొటోకి కూడా నిలబడలేదు.

మేం చూసింది 1779లో ఇదే ఊళ్లో మొదటిసారి ఆడిన, గ్లుక్ అనే సంగీతకర్త స్వరపరిచిన ‘ఇఫిజెనీ ఆన్ తోరీద్’. మూలకథ ప్రాచీన గ్రీకు రచయిత యూరిపిడీస్ నాటకం. పరదేశంలో పూజారిణిగా ఉన్న ఇఫిజెనీ, ఒడ్డుకు చేరిన కొత్తవాళ్లను బలివ్వాలి. ఈసారి దొరికినవాడు సొంత తమ్ముడు ఒరెస్త్. ఒకరినొకరు గుర్తుపట్టరు.

గ్లుక్ సంగీతంలో గొంతు విన్యాసాలు తక్కువ, మాటకే విలువ ఎక్కువ. తల్లిని చంపిన ఒరెస్త్ తన మనసు కుదుటపడిందని పాడుతుంటాడు, వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాయిద్యాలు) మాత్రం అలజడిగా మోగుతూనే ఉంటాయి. అతని మాట నిజం కాదని వాయిద్యాలే చెప్పేస్తాయి. నాకు ఒళ్లు జలదరించింది. అంతవరకూ ముభావంగా ఉన్న మా వారు కూడా ముందుకు వంగి విన్నారు.

కత్తి ఎత్తేవేళ తమ్ముడు అక్క పేరు తలుచుకుంటాడు. కథంతా ఆ క్షణం కోసమే. బలిపీఠమేమో మాకు కనపడని వైపు! లేచి నిలబడి మెడ సాచినా ఇఫిజెనీ చెయ్యి తప్ప ఏమీ కనపడలేదు. ఆ బాధ ఇంకా తగ్గలేదు. డబ్బు వాపసు అడిగితే, టికెట్ చెల్లింది కదా అని ఆ సైట్ వాళ్లు తేల్చేశారు.

మేం దిగిన హోటల్ బాగానే ఉంది. పారిస్‌లోనే లా షపెల్ అనే పేట దగ్గర శ్రీలంక తమిళుల హోటల్లో 9 యూరోల దోసె తిన్నాక గానీ మా వారి కోపం దిగలేదు.

బాక్సయితే ముందు వరసే తీసుకోండి, లేదంటే స్టేజీకి ఎదురుగా పై అంతస్తు మధ్య సీట్లు. స్టేజీ పైన ఫ్రెంచి, ఇంగ్లిషుల్లో పాటల మాటలు తెర మీద వేస్తారు గానీ, వెనక వరసకు అవీ అందవు. కథ చదువుకునే వెళ్లండి.